ముందు చక్రం కీచుపై విచారణ

కొండమిట్ట గొర్రెల ఆరోగ్య పర్యవేక్షణ కార్యాలయంలో నేను పద్దెనిమిదేళ్లుగా సీనియర్ అసిస్టెంటుని. నా పని ఫైళ్లు నడపడం. అంటే ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకి. ఇన్నేళ్లలో నా చేతి మీదుగా పోయిన ఫైళ్లన్నిటిలోకీ లావుపాటిది ఒక మోటారు సైకిలు ముందు చక్రం చేసిన చప్పుడు గురించినది. దాన్ని మొదలుపెట్టింది నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ బండి ఆఫీసుది. నడిపేది కట్టా సలోమి గారు. ఆవిడ మా దగ్గర పశువైద్య సహాయకురాలు. వెనక సీటుకి టీకా మందుల ఐసు పెట్టె తాళ్లతో బిగించుకుని తొమ్మిది ఊళ్లు తిరుగుతారు. గొర్రెని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి సూది వేస్తే, దానికి నొప్పి తెలిసేలోపు వదిలేస్తారు. కాపర్లు ఆవిణ్ని డాక్టరమ్మా అంటారు. డాక్టర్ని కాదని ఆవిడ చెబుతూనే ఉంటారు, వాళ్లు అంటూనే ఉంటారు.

మే నెలాఖరులో ఆ బండి ముందు బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. శాఖవారు ఆమోదించిన వర్క్‌షాపులో కొత్తవి వేయించారు. అక్కణ్నుంచి రోడ్డెక్కిన మరుక్షణం చక్రం చప్పుడు మొదలుపెట్టింది. చుట్టు తిరిగినప్పుడల్లా ఒక కీచు, దాని వెనకే చిన్న టక్కు. బ్రేకు నొక్కితే చప్పుడు లేదు. వదిలితే మళ్లీ కీచు, టక్కు.

మా ఆఫీసు ఎదురుగా జిలాని అని మెకానిక్కు ఉన్నాడు. సలోమి గారు అతని రేకుల షెడ్డు ముందు ఆపారు. అతను బండిని స్టాండు వేయించి, ముందు చక్రం గాల్లోకి లేపి చేత్తో తిప్పాడు. బ్రేకు నొక్కాడు, వదిలాడు. ఇంకోసారి తిప్పి చెవి పెట్టాడు.

"ప్యాడ్ల వెనక ఒక చిన్న రేకు క్లిప్పు ఉంటది మేడం. అది సరిగ్గా కూర్చోలా. అందుకని ప్యాడు ఊగతా ఉంది, క్లిప్పు కొస డిస్కుకి గీసుకుంటా ఉంది. పది నిమిషాల పని. టీ తెప్పిస్తా, కూర్చోండి."

ఆవిడ కూర్చునేవారే. కానీ సరిగ్గా ఆ వారమే పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఎక్కడో ఒక పెద్ద అధికారి పర్యటనలో ఉండగా జీపు చక్రం ఊడి, జీపు కంటే ముందు ఊళ్లోకి వెళ్లిపోయిందట. ఊళ్లోవాళ్లు దానికే దండ వేశారని కూడా అంటారు, అది నేను నమ్మను. ఆ సర్క్యులర్‌లో ఇలా ఉంది: "ప్రభుత్వ వాహనములందు అసాధారణ శబ్దము వినబడిన యెడల, సదరు శబ్ద కారణము అధికారికముగా నిర్ధారింపబడు వరకు వాహనమును నడుపరాదు, విప్పరాదు, తుడువరాదు. ఉల్లంఘించినవారిపై తీవ్ర క్రమశిక్షణా చర్య గైకొనబడును."

సలోమి గారు బండిని ఆఫీసు ఆవరణలోకి తోసుకొచ్చి నా బల్ల దగ్గరకి వచ్చారు.

"అనంతం గారూ, జూన్ మొదటి వానలు పడేలోపు జువ్వలపాడు మందలకి చిటుక రోగం టీకా పడాలి. వానకి లేత గడ్డి లేస్తుంది. ఆశపడి కడుపు పగిలేటట్టు మేస్తాయి. పొద్దున బాగున్న గొర్రె మధ్యాహ్నానికి ఉండదు. వారం కంటే ఎక్కువ టైము లేదు. ఒక్క సంతకం అయితే చాలు కదండీ?"

"ఒక్క సంతకమే," అన్నాను. నా అనుభవానికి ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సర్క్యులర్‌తో పాటు శ-7 అని ఒక ఫారం వచ్చింది. శబ్దం రకం రాయడానికి అందులో ఆరు గళ్లు: గలగల, కటకట, కిర్రు, దబదబ, బుస్సు, ఇతరములు. సలోమి గారు ఇతరములు దగ్గర టిక్కు పెట్టి 'కీచు' అని రాశారు. ఫారం సాయంత్రానికి తిరిగొచ్చింది. 'కీచు' అనునది ఆమోదిత శబ్దముల జాబితాలో లేనందున, అది ఏ ఆమోదిత శబ్దమునకు సమీపముగా ఉన్నదో తెలుపుచూ మూడు ప్రతులలో సమర్పించవలెను.

"కిర్రుకి దగ్గరగా ఉందని రాయండి," అన్నాను.

"లేదు కదండీ."

"దగ్గరగా అన్నారు కానీ ఎంత దగ్గరగానో అనలేదు."

ఆవిడ అబద్ధం రాయనన్నారు. దాంతో ఫైలు మా ఉప సంచాలకులు విరూపాక్షం గారి బల్ల మీదకి వెళ్లింది. ఆయన నిజాయితీపరుడు. ఆఫీసు పెన్నుతో ఇంటి చిరునామా కూడా రాయరు. నియమం అంటే ఆయనకి ప్రాణం. అందుకే మాకు ప్రాణాంతకం.

"శబ్దమును స్వయముగా విని నిర్ధారించవలసిన బాధ్యత నాపై ఉన్నది," అన్నారు. "వాహనమును నడిపించుడు."

"నడుపరాదు అని ఉంది సార్," అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి సర్క్యులర్ మళ్లీ మొదటినుంచి చదివారు. చక్రం తిరిగితే తప్ప చప్పుడు రాదు. బండి నడిస్తే తప్ప చక్రం తిరగదు. నడిపితే చర్య. ఆ గదిలో ఆశ అనేది పూర్తిగా అడుగంటిన క్షణంలో నేనే నోరు జారాను. "నడుపరాదు అన్నారు కానీ సార్, తోయరాదు అనలేదు."

ఆయన నా వైపు చూసిన చూపులో తండ్రి ప్రేమ ఉంది.

పదకొండింటికి కార్యక్రమం. నలుగురు అటెండర్లు బండిని తోశారు. విరూపాక్షం గారు నడుం వంచి, ముందు చక్రానికి చెవి ఆనించినంత దగ్గరగా పెట్టి పక్కనే నడిచారు. ఆయన మీద ఎండ పడకుండా నేను గొడుగు పట్టాను. నా వెనక టైపిస్టు నోటు పుస్తకంతో. ఆవరణ చుట్టూ మూడు ప్రదక్షిణలు అయ్యాయి. గేటు బయట పోయేవాళ్లు చెప్పులు విప్పి దండం పెట్టుకున్నారు.

విరూపాక్షం గారు నడుం నిలబెట్టుకుని, "గలగల," అన్నారు. నా వైపు తిరిగారు. "మీకో?"

"గలగలే సార్."

అటెండర్లకి నలుగురికీ గలగలే వినిపించింది. అటుగా వచ్చిన పోస్టుమాన్‌ని కూడా అడిగారు. అతను ఉత్తరం ఇచ్చి వెళ్లాలని తొందరలో ఉన్నాడు కాబట్టి అతనికీ గలగలే.

"కీచు సార్," అన్నారు సలోమి గారు.

"మీరు ఏ గ్రేడు?"

"గ్రేడ్ టూ సార్."

"గ్రేడ్ టూ చెవికి కీచు వినిపించిన వినిపించవచ్చును. దానిని నేను కాదనను. కానీ భిన్నాభిప్రాయము నమోదైనది కావున, నిష్ణాతుల అభిప్రాయము కోరవలసియున్నది."

శబ్దంలో నిష్ణాతులు ఎవరు? జిలాని పేరు సలోమి గారు చెప్పారు. అతను విప్పేవాడు కానీ వినేవాడు కాదన్నారు విరూపాక్షం గారు. కొండమిట్టలో అధికారికంగా వినేవాళ్లు సంగీత పాఠశాలలో మాత్రమే ఉన్నారు. మర్నాడు వయొలిన్ ఉపాధ్యాయిని సూర్యకళ గారు వచ్చారు. పట్టుచీర కట్టుకుని, వాయిద్యం పెట్టెతో సహా. ఆవిడ కోసం బండిని మెల్లగా, తర్వాత మధ్యమంగా, తర్వాత వేగంగా తోశారు. ఒక అటెండరుకి అక్కడే నడుం పట్టేసింది.

ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. వయొలిన్ తీసి తీగె మీద కమాను ఒక్కసారి లాగారు. బండి, వయొలిన్ ఒకే గొంతుతో పలికాయి. మాకందరికీ ఒళ్లు జలదరించింది.

"చతుశ్రుతి ధైవతం," అన్నారు. "కొంచెం తగ్గిందనుకోండి."

"ఇది దోషమా?" అడిగారు విరూపాక్షం గారు.

"గమకం లేదు. దోషమే."

"అసాధారణమేనా?"

ఆవిడ నవ్వి, "ఏది సాధారణమో ముందు వినిపిస్తే, ఇది అసాధారణమో కాదో చెబుతాను," అన్నారు. పాపం, ఆవిడ మామూలుగా అన్న మాట. కానీ అది విరూపాక్షం గారి మెదడులో దీపంలా వెలిగింది.

నిజమే కదా. సాధారణ శబ్దం ఏదో నిర్ణయించకుండా అసాధారణ శబ్దాన్ని ఎలా పట్టుకుంటాం? ఆ మధ్యాహ్నమే ప్రొసీడింగ్స్ వెళ్లాయి. మా పరిధిలో ఉన్న మిగతా ఇరవై రెండు మోటారు సైకిళ్లూ సాధారణ శబ్దంతో సహా హాజరు కావలెను.

వచ్చాయి. వరసగా నిలబెట్టి ఒక్కొక్కటే తోయించి విన్నాం. ఒకదానికి గొలుసు కొట్టుకుంటోంది. ఒకదాని బురద రేకు మోగుతోంది. ఒకటి తోస్తే నిట్టూర్చింది. ఒక్కటీ ఇంకోదానిలా లేదు. ఒక బండి మాత్రం అసలు ఏ చప్పుడూ చేయలేదు. అది మరీ అసాధారణమని విడిగా పెట్టారు. సాయంత్రానికి ఇరవై రెండూ ఆగిపోయాయి. సిబ్బంది అంతా నడిచి ఇళ్లకి వెళ్లారు.

"మరి తమరి జీపు సార్?" అని ఎవరో వెనకనుంచి అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. గొంతు మాత్రం గ్రేడ్ టూ గొంతులా ఉంది.

విరూపాక్షం గారు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "నియమము అందరికీ ఒక్కటే," అని జీపు తోయించారు. తలుపు కిర్రుమంది. ఆయన తాళం తీసి నా బల్ల మీద పెట్టి, మూడు కిలోమీటర్లు ఎండలో నడిచి ఇంటికి వెళ్లారు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయి వెళుతున్న ఆ మనిషిని చూస్తే నాకు జాలేసింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడం అదే మొదటిసారి.

మర్నాడు పంకాల దగ్గర వచ్చింది చిక్కు. హాల్లో పంకాలు ప్రభుత్వ ఆస్తి, తిరుగుతాయి, చప్పుడు చేస్తాయి. అవి వాహనాలు కావని నేను వాదించాను. "గాలిని మోయుచున్నవి కదా," అన్నారు విరూపాక్షం గారు. పంకాలు ఆపేశాం. మధ్యాహ్నానికి నా కుర్చీ కిర్రుమంది. నిలబడి పనిచేయడం మొదలుపెట్టాను. సాయంత్రానికి అందరం మునివేళ్ల మీద నడుస్తున్నాం, సైగలతో మాట్లాడుకుంటున్నాం. టైపిస్టుకి తుమ్ము వస్తే పరిగెత్తి వీధిలోకి పోయి తుమ్మి వచ్చింది.

ఈ గందరగోళంలో సలోమి గారు ఒక్కరే రోజూ పొద్దున వచ్చి ఐసు పెట్టెలో ఐసు మార్చేవారు, మందు సీసాలు లెక్క చూసుకునేవారు, కిటికీలోంచి పడమటి ఆకాశం చూసేవారు. బస్సులో మందు తీసుకెళతానన్నారు. టీకా మందు శాఖా వాహనంలోనే వెళ్లాలని ఇంకో సర్క్యులర్ ఉంది. దాన్ని వెతికి చూపించింది కూడా నేనే. ఆవిడ దాన్ని చదివి నా బల్ల మీద పెట్టేసి, మళ్లీ ఐసు మార్చడానికి వెళ్లారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

జువ్వలపాడు నుంచి గంగులు వచ్చాడు. అక్కడి కాపర్లకి పెద్ద. అరవై ఏళ్ల మనిషి, భుజం మీద గొంగళి, చేతిలో కర్ర. ఆఫీసంతా సైగలతో నడుస్తుంటే అతని గొంతు కొండ మీద మందని పిలిచినట్టు మోగింది.

"ఏందయ్యా, మీ బండి కీచుమంటే మా గొర్రెలు ఎందుకు చావాల?"

విరూపాక్షం గారు గదిలోంచి వచ్చారు. "విషయము పరిశీలనలో ఉన్నది. రాష్ట్ర స్థాయి శబ్ద పరిశీలన బృందము గురువారము విచ్చేయుచున్నది."

"గురువారానికి వాన వచ్చుద్ది."

"వర్షమును వాయిదా వేయు అధికారము నాకు లేదు."

గంగులు సలోమి గారి వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, నువ్వు చెప్పు. సూది మందు ఉందా?"

"ఉంది మావా. తెచ్చేందుకు బండే లేదు."

"బండి రాకపోతే పోనీ. మేమే వస్తాం." అతను కర్ర నేలకి తాటించి వెళ్లిపోయాడు. ఆ చప్పుడుకి విరూపాక్షం గారు ఉలిక్కిపడి, అది నమోదు చేయాలా అన్నట్టు నా వైపు చూశారు.

గురువారం పొద్దున ఆకాశం పడమట నల్లబడింది. తొమ్మిదిన్నరకి రోడ్డు చివర దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి గొర్రెలు వచ్చాయి. ఎనిమిది వందలు. కాపర్లు, వాళ్ల ఆడవాళ్లు, కుక్కలు. గేటు దగ్గర వాచ్‌మన్ నా దగ్గరకి పరిగెత్తుకొచ్చాడు. "సార్, ఆపాలా?"

నాకు తెలిసిన నియమాలన్నీ మనసులో తిరగేశాను. ఇది గొర్రెల ఆరోగ్య కార్యాలయం. ఇక్కడికి గొర్రెలు రాకూడదని ఎక్కడా రాసి లేదు. బహుశా ఇన్నేళ్లలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదేమో.

"తెరువు," అన్నాను. నా ఉద్యోగంలో నేను తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

ఆవరణ నిండిపోయింది. మెట్లు, వరండా, రికార్డుల గది నిండిపోయాయి. కొన్ని రోజులుగా ఊపిరి బిగబట్టిన ఆఫీసులో ఎనిమిది వందల గొంతులు ఒకేసారి అరిచాయి. ఒక పొట్టేలు విరూపాక్షం గారి గదిలోకి వెళ్లి శ-7 ఫారాలు నమలడం మొదలుపెట్టింది. సలోమి గారు చున్నీ నడుముకి బిగించి, సిరంజీ పట్టుకుని మధ్యలోకి దూకారు. కాపర్లు పట్టుకోవడం, ఆవిడ సూది వేయడం, గంగులు వీపు మీద ఎర్ర రంగు గీత గీయడం. "అనంతం గారూ, చూస్తారేంటి, ఆ గొర్రెని పట్టుకోండి!" అని ఆవిడ అరిస్తే నేను పట్టుకున్నాను. గొర్రె ఒళ్లు అంత వెచ్చగా ఉంటుందని, గుండె అంత గట్టిగా కొట్టుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. పద్దెనిమిదేళ్లు గొర్రెల ఆఫీసులో పనిచేశాను మరి.

సరిగ్గా అప్పుడే రాష్ట్ర బృందం వచ్చింది. ముగ్గురు. మెడలో డాక్టర్ల చెవి గొట్టాలు. విరూపాక్షం గారు గొర్రెల మధ్యలోంచి వాళ్లని బండి వైపు తీసుకెళ్లబోయారు. పది అడుగులు వేసేసరికి మంద కదిలింది. నలుగురూ మందతో పాటు ఆవరణ అవతలి మూలకి వెళ్లిపోయారు. మళ్లీ బయలుదేరారు. మళ్లీ మూలకి. ఒక సభ్యుడి నడుం మీద గంగులు ఎర్ర గీత గీసేశాడు. "వంగి ఉంటే గొర్రె అనుకున్నా," అని తర్వాత చెప్పాడు.

ఈ వేడుక చూడడానికి రోడ్డు దాటి వచ్చిన జిలాని, ప్రహరీ పక్కన నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. సలోమి గారు సిరంజీ నింపుకుంటూ అతని వైపు చూసి ఒక్క మాట అన్నారు. "ఇప్పుడు."

అతను గొర్రెల మధ్యలోకి దూరి, బండి ముందు చక్రం పక్కన కూర్చుండిపోయాడు. పది నిమిషాల తర్వాత లేచి, ప్యాంటు దులుపుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయాడు.

పన్నెండున్నరకి చివరి గొర్రెకి సూది పడింది. ఒంటిగంటకి మంద రోడ్డెక్కింది. రెండింటికి ఎట్టకేలకు బృందం చెవి గొట్టాలు పెట్టుకుని బండి పక్కన వంగింది. అటెండర్లు తోశారు. ఏమీ లేదు. ఇంకో ప్రదక్షిణ. చక్రం వెన్నలా తిరిగింది.

విరూపాక్షం గారి ముఖం పాలిపోయింది. "శబ్దము కనబడుట లేదు," అన్నారు.

సలోమి గారికి అక్కడికక్కడే మెమో. ప్రభుత్వ వాహనము యొక్క శబ్దము మీ అధీనములో ఉండగా అదృశ్యమగుటకు గల కారణములు తెలుపుడు. ఆవిడ మెమో వెనకే జవాబు రాసి ఇచ్చారు. "ప్యాడ్ల వెనక క్లిప్పు సరిగా కూర్చోలేదు. కూర్చోబెట్టించాను. అంతే."

నేను ఆ రాత చదివాను. విప్పరాదు అన్నదాన్ని విప్పించానని ఆవిడే రాసిచ్చారు. ఉద్యోగం పోతుంది. కానీ బృందం పెద్దమనిషి ఆ కాగితం రెండుసార్లు చదివి పక్కన పెట్టారు. "ఈ సమాధానము ఆమోదయోగ్యము కాదు. కారణము ఇంకనూ అధికారికముగా నిర్ధారింపబడలేదు. నిర్ధారింపబడని కారణమును ఎవరునూ తొలగించజాలరు. కావున ఈమె తొలగించలేదు. శబ్దము స్వచ్ఛందముగా విరమించినది." ఆయన సంతకం చేస్తుండగా మొదటి చినుకు కాగితం మీద పడింది.

వాన ఆరు రోజులు పడింది. లేత గడ్డి లేచింది. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో గొర్రెలు వందల్లో పోయాయి. జువ్వలపాడులో ఒక్కటి కూడా పోలేదు.

పైవాళ్లు కారణం అడిగారు. టీకా అని సలోమి గారు రాశారు. కానీ టీకా అన్ని మండలాలకీ సరఫరా అయినట్టే కాగితాల మీద ఉంది. సరఫరా అయిన టీకా సీసాల్లోనే ఉండిపోయిందని కాగితాల మీద లేదు. అన్ని చోట్లా ఉన్నది కారణం కాజాలదు కదా. ఇక్కడ మాత్రమే ఉన్నదేమిటి? రాష్ట్ర బృందం మూడు రోజులు కూర్చుని తేల్చింది. ముందు చక్రం శబ్దం.

ఆగస్టులో కొత్త సర్క్యులర్ వచ్చింది. చిటుక రోగ నివారణకై శాఖలోని అన్ని మోటారు సైకిళ్ల ముందు చక్రములందు చతుశ్రుతి ధైవతములో శబ్దమును కల్పించవలెను. అమలు విధానము తయారుచేయు బాధ్యత శ్రీమతి కట్టా సలోమి గారికి అప్పగించడమైనది.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకి వచ్చారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, "పెన్ను తీయండి అనంతం గారూ. మీ భాషలో రాయాలి," అన్నారు.

ఆవిడ మామూలు మాటల్లో చెప్పారు, నేను మా మాటల్లోకి మార్చాను. గంటలో అయిపోయింది. సాయంత్రం విరూపాక్షం గారు దాన్ని పైకి చదివారు. "శబ్దమును గొర్రెలకు వాటి ఊళ్లోనే వినిపించవలెను. మొదటి వానలకు ముందే వినిపించవలెను. ఏ ఒక్క గొర్రెనూ విడువరాదు. వినిపించు సమయమున ప్రతి గొర్రెకూ టీకా సూది వేయవలెను..." ఆయన ఆగారు. "సూది ఎందుకు?"

"గొర్రె కదలకుండా ఉంటుంది సార్," అన్నారు సలోమి గారు. "కదిలితే శబ్దం సరిగ్గా వినదు."

విరూపాక్షం గారు కళ్లజోడు పైనుంచి ఆవిడ వైపు చాలాసేపు చూశారు. ఆ మనిషి అంత అమాయకుడేం కాదని నాకు అప్పుడే అనిపించింది. "వినకపోతే ప్రయోజనమేమున్నది," అని పెన్ను తీసి సంతకం పెట్టారు.